మెకాంగ్ మడుగుల్లో రాహువు

2022 జూన్ 13న కంబోడియా ఉత్తర భాగంలోని స్టుంగ్ త్రెంగ్ రాష్ట్రంలో, మెకాంగ్ నది నడుమ ఉన్న కొహ్ ప్రేహ్ దీవి దగ్గర ఒక జాలరికి టేకు చేప (ఇంగ్లిష్‌లో స్టింగ్‌రే) చిక్కింది. ముక్కు కొస నుంచి తోక చివర వరకు 3.98 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు, 300 కిలోల బరువు. రెండు నులక మంచాలను పక్కపక్కన వేస్తే ఎంత చోటు పడుతుందో అంత చోటును ఆ ఒక్క చేపే ఆక్రమిస్తుంది. భారీ చేపలేవైనా చిక్కితే చంపకుండా తమకు కబురు చేయమని ఆ చుట్టుపక్కల ఊళ్లలో ముందే చెప్పి ఉంచిన పరిశోధకులకు అర్ధరాత్రి దాటాక ఫోన్ వచ్చింది. కొద్ది గంటల్లో వారు ఏటి ఒడ్డుకు చేరుకున్నారు. బజారు ధర లెక్కగట్టి జాలరికి సుమారు 600 డాలర్లు, ఆనాటి మారకం ప్రకారం దాదాపు 47 వేల రూపాయలు చెల్లించారు. చేపను కొలిచి, తూచి, ధ్వని సంకేతాలు పంపే చిన్న పరికరం అమర్చి 14న తిరిగి నదిలోకి వదిలారు. అప్పటిదాకా తూచి నమోదు చేసిన మంచినీటి చేపల్లో 2005లో ఉత్తర థాయ్‌లాండ్‌లో దొరికిన 293 కిలోల మెకాంగ్ మహా జెల్లదే మొదటి స్థానం. అది కూడా ఇదే నది చేప. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో విరివిగా పెంచే పంగాసియస్‌కు అది దగ్గరి చుట్టం. ఆ పంగాసియస్ పుట్టిల్లు కూడా మెకాంగే.

వదిలే వేళకు చందమామ దిగంతాన ఉన్నందువల్లా, చేప ఆకారం కూడా గుండ్రంగా ఉన్నందువల్లా దానికి ‘బోరమీ’ అని పేరు పెట్టారు. కంబోడియా ప్రజల ఖ్మేర్ భాషలో ఆ మాటకు నిండు చంద్రుడని అర్థం. మన పౌర్ణమి, పున్నమి ఏ సంస్కృత మూలం నుంచి వచ్చాయో అదీ అక్కడి నుంచే వచ్చింది. ఇదే చేపను పక్కనున్న థాయ్‌లాండ్‌లో ‘క్రబెన్ రాహు’ అంటారు. క్రబెన్ అంటే టేకు. రాహువు మనకు తెలిసిన రాహువే. మొండెం లేకుండా తలే ఒళ్లంతా అయిన జీవికి అంతకన్నా తగిన పేరు దొరకదు. పంచాంగం బాగా తెలిసినవారు తోక ఉన్నది కేతువుకు కదా అని అభ్యంతరం చెప్పవచ్చు. ఏమైనా ఒక దేశంలో రాహువైన చేప మరో దేశంలో పున్నమి చంద్రుడైంది.

ఆ వారమంతా ప్రపంచ పత్రికల్లో నడిచినది బరువు గురించిన చర్చే. నిజానికి 300 కిలోలన్నది ఆ జాతి గరిష్ఠ పరిమాణం అని చెప్పడానికి లేదు. 2015లో థాయ్‌లాండ్‌లోని మే క్లాంగ్ నదిలో పట్టి వదిలిన ఒక టేకు వెడల్పు 2.4 మీటర్లు, నీటిలో నుంచి ఎత్తితే దాని ప్రాణానికే ముప్పు గనుక ఎవరూ తూచలేదు, అందుచేత లెక్కల్లోకి ఎక్కలేదు. కాబట్టి బోరమీ కథలో అసలు గమనించవలసినది బరువు కాదు, అది దొరికిన చోటు. మెకాంగ్ పొడవు 4,300 కిలోమీటర్లకు పైగా ఉన్నా ఇంతటి చేప ఎక్కడపడితే అక్కడ దొరకదు. స్టుంగ్ త్రెంగ్‌కూ దానికి దిగువనున్న క్రాతియెకూ నడుమ, నది అడుగున రాతిని తొలుచుకుని ఏర్పడిన లోతైన మడుగులు ఉన్నాయి. టేకు బతుకంతా ఆ మడుగులతో ముడిపడి ఉంది. ఈ జాతికి వచ్చిన ముప్పును వేట, కాలుష్యం, ఆనకట్టలు అని విడివిడిగా చెప్పడం పరిపాటి. మడుగు వైపు నుంచి చూస్తే అవన్నీ ఒకే చోటికి వచ్చి చేరతాయి.

ఈ జాతి శాస్త్రానికి పరిచయమైన తీరే విచిత్రంగా ఉంటుంది. డచ్చి శాస్త్రవేత్త పీటర్ బ్లేకర్ 1852లో బటావియా, అంటే నేటి జకార్తా నుంచి వచ్చిన ఒక నమూనా ఆధారంగా దీన్ని మొదట వర్ణించాడు. ఆ నమూనా వెడల్పు 30 సెంటీమీటర్లు. అంటే కడుపులో నుంచి బయటపడే పిల్ల ఎంత ఉంటుందో అంత. ఆ చిన్న టేకుకూ ఆగ్నేయాసియా నదుల్లోని మహాకాయాలకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. 138 సంవత్సరాల తరువాత, 1990లో సుపాప్ మొంకొల్‌ప్రసిత్, టైసన్ రాబర్ట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు థాయ్‌లాండ్‌లోని చావో ఫ్రాయా నది పేరు మీద ‘హిమాంతురా చావోఫ్రాయా’ అని దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. రెండూ ఒకటేనని 2008లో తేలడంతో పాత పేరే నిలిచింది. ఇప్పుడు దీన్ని ‘యూరోజిమ్నస్ పాలీలెపిస్’ అంటున్నారు. గంగా నదిలోనూ టేకులు ఉన్నట్లు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోనే రాశాడు. మనిషికన్నా పొడవైన ఒక చేపకు సరైన పేరు కుదరడానికే ఇంత కాలం పట్టిందంటే, ఒకప్పుడు అది ఏయే నదుల్లో ఎంతగా ఉండేదో పాత లెక్కల్లో వెతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. లెక్కే లేని చోట తగ్గుదల కూడా కంటికి కనిపించదు.

టేకు అనగానే మన కోస్తా పాఠకులకు సముద్రం గుర్తుకు వస్తుంది. అది సహజమే, టేకుల్లో అత్యధిక జాతులు సముద్రవాసులే. సొరచేపల్లాగే వీటికీ ఎముకలు ఉండవు, ఒళ్లంతా మృదులాస్థే. ఉప్పునీటిలో బతికే సొరలు, టేకులు ఒంట్లోని నీరు బయటకు పోకుండా రక్తంలో యూరియాను నిలవ చేసుకుంటాయి. దక్షిణ అమెరికా నదుల్లో ముప్పైకి పైగా జాతుల టేకులు తరతరాలుగా మంచినీటికే పరిమితమై ఆ యూరియాను నిలుపుకునే శక్తిని పూర్తిగా పోగొట్టుకున్నాయి; వాటికి సముద్రానికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. ఆసియా మహా టేకు ఆ దారిని అంతగా మూసుకోలేదు. అది నది ముఖద్వారాల్లోని ఉప్పుకయ్యల్లోనూ కనిపిస్తుంది, సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన కూడా బతుకుతుంది. బోర్నియోలోని కినాబతంగాన్, మహాకం నదుల్లోనూ ఇది ఉంది.

దీని పైభాగం మట్టి రంగులో, అడుగుభాగం తెల్లగా, అంచుల వెంట ముదురు పట్టీతో ఉంటుంది. నోరు, అయిదు జతల మొప్ప చీలికలు అడుగు వైపు ఉంటాయి. ఇసుకలో పడుకున్నప్పుడు అడుగు నుంచి నీరు పీల్చడం కుదరదు గనుక కళ్ల వెనుక ఉన్న రెండు రంధ్రాల గుండా నీటిని లోపలికి తీసుకుంటుంది. చీకటి మడుగులో కన్ను చేసే పని తక్కువ. ముక్కు చుట్టూ ఉన్న సూక్ష్మరంధ్రాలతో చిన్న జలచరాల కండరాల నుంచి వెలువడే స్వల్ప విద్యుత్తును పసిగట్టి వేటాడుతుంది. కొరడా వంటి తోక మొదలుకు చేరువగా ముల్లు ఉంటుంది. జానెడున్నరకు మించి, 38 సెంటీమీటర్ల వరకు పెరిగే ఆ ముల్లు టేకు జాతులన్నింటిలోకీ పెద్దది. విషం ఒకవైపు, రంపపు పళ్ల వంటి అంచు మరొకవైపు. అందుకే జాలర్లు టేకును పడవ దగ్గరికి లాగిన వెంటనే ముందుగా ముల్లుకు గుడ్డ చుడతారు, ఆ తరువాతే మిగతా పని. దానంతట అది మనిషి మీదికి వచ్చే చేప కాదు. కానీ గాలానికి తగిలిన తరువాత అడుగున బురద కప్పుకుని కూర్చుంటే పైకి లేవదు, లేస్తే పడవను ఈడ్చుకుపోతుంది. ఇంత శ్రమకు తగిన ధర రాదు గనుక దీనికోసమే వేటకు వెళ్లేవారు తక్కువ. ఇతర చేపలకు వేసిన గాలాలకు, వలలకు పొరపాటున చిక్కేవే ఎక్కువ. బోరమీకి నెల ముందు, 2022 మే నెలలో, ఇదే స్టుంగ్ త్రెంగ్ ప్రాంతంలో దొరికిన 181 కిలోల టేకు కథ అటువంటిదే. ఎరను ఒక చిన్న చేప మింగింది, ఆ చేపను టేకు మింగింది, గాలం దాని నోట పడింది.

ఒక్కొక్కటిగా పొరపాటున చిక్కడం వల్ల జాతికి ఏమవుతుందనే ప్రశ్న రావచ్చు. దానికి సమాధానం ప్రసవంలో ఉంది. బొచ్చె, శీలావతి వంటి చేపలు ఒక్క విడతలో లక్షల గుడ్లు పెడతాయి. ఒక ఏడు వేట ఎక్కువైనా మరుసటి ఏటి వరద బాగుంటే నష్టం పూడుతుంది. టేకు గుడ్లు పెట్టదు. పిల్లలు తల్లి కడుపులోనే మొదట పచ్చసొన మీద, ఆపైన గర్భాశయపు గోడల నుంచి ఊరే పాల వంటి ద్రవం మీద పెరిగి పుడతాయి. ఈతకు ఒకటి నుంచి నాలుగు, అంతే. మగచేప ఈడుకు రావాలంటే వెడల్పు 1.1 మీటర్లకు చేరాలి. 30 సెంటీమీటర్లతో పుట్టిన పిల్ల అంత కావడానికి ఏళ్లు పడుతుంది. పైగా నిండుచూలాలైన టేకును పట్టి పైకి లాగితే ఆ ఒత్తిడికి పిల్లలు నెలలు నిండకుండానే జారిపోవడం టేకుల్లో తరచుగా కనిపించే విషయం. అంటే తల్లిని క్షేమంగా వదిలినా ఆ ఈత పోయినట్టే. ఎదిగిన ఆడచేపను ఒక్కదాన్ని కోల్పోవడం జెల్లల గుంపులో వందను కోల్పోవడం కన్నా బరువైన నష్టం. ప్రపంచ జీవజాతుల స్థితిని మదింపు చేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్న వాటి సరసన చేర్చింది. 2021లో వెలువడిన ప్రపంచవ్యాప్త మదింపు ప్రకారం సొర, టేకు జాతుల్లో మూడో వంతుకు పైగా ముప్పులో ఉన్నాయి. సముద్రానికి ఉన్న వైశాల్యం నదికి లేదు గనుక నదిలో ఉన్నవాటి స్థితి మరింత ఇరుకు.

ఇప్పుడు మడుగు సంగతి. ఖ్మేర్‌లో మడుగును అన్లూంగ్ అంటారు. ఆ దేశంలో ఎన్నో ఊళ్ల పేర్లు ఆ మాటతోనే మొదలవుతాయి. నవంబరు తరువాత మెకాంగ్ నీరు తగ్గుతూ వచ్చి ఏప్రిల్, మే నెలలకు అనేక చోట్ల రాళ్లు తేలుతాయి. అప్పుడు పెద్ద చేపలన్నీ ఈ మడుగుల్లోకి చేరి వానలు పడేదాకా తలదాచుకుంటాయి. స్టుంగ్ త్రెంగ్ ప్రాంతంలోని కొన్ని మడుగుల లోతు 80 మీటర్ల వరకు ఉంటుంది. ఇరవై అయిదు అంతస్తుల భవనం మునిగే లోతు అది. మడుగు లోతుగా మిగలడం దానంతట జరిగే పని కాదు. జూన్ నుంచి వచ్చే వరద ఉధృతి ఏటా అడుగున పేరుకున్న ఇసుకను ఊడ్చి దిగువకు నెట్టేస్తుంది. అదే వరద కంబోడియా రాజధాని నాంపెన్ దగ్గర టోన్లే సాప్ ఉపనదిని వెనక్కి తిప్పి, ఎండాకాలంలో 2,500 నుంచి 3,000 చదరపు కిలోమీటర్లు ఉండే టోన్లే సాప్ సరస్సును 15,000 దాకా విస్తరింపజేస్తుంది. ఎండా వానల మధ్య ఉన్న ఈ భారీ తేడా మీదే మెకాంగ్ చేపల సంపద ఆధారపడి ఉంది. ప్రపంచంలోని లోతట్టు జలాల చేపల దిగుబడిలో దాదాపు ఏడో వంతు దిగువ మెకాంగ్‌దే.

ఆనకట్ట చేసే పని సరిగ్గా ఆ తేడాను చెరిపివేయడం. చైనా భూభాగంలో ప్రధాన నదిపై పదికి పైగా భారీ ఆనకట్టలు ఉన్నాయి. అవి వానాకాలపు నీటిని నిలవ చేసి ఎండాకాలంలో విద్యుత్తు కోసం వదులుతాయి. వరద తగ్గుతుంది, ఎండాకాలపు ప్రవాహం పెరుగుతుంది. లాభమే కదా అని పైకి అనిపించవచ్చు. కానీ వరద బలం తగ్గితే మడుగును ఊడ్చే చేయి ఆగిపోతుంది. మరోవైపు ఒండ్రు జలాశయాల్లోనే దిగిపోతుంది. మెకాంగ్ మోసుకువచ్చే ఒండ్రు 1992లో ఏడాదికి 16 కోట్ల టన్నులు కాగా 2014 నాటికి 9 కోట్ల టన్నులకు పడిపోయిందని మెకాంగ్ నదీ సంఘం లెక్క. 2019 చివర థాయ్, లావోస్ సరిహద్దు వెంట ఎర్రమట్టి రంగులో ఉండవలసిన నది నీలంగా మారింది. చూడముచ్చటగా ఉందని ఫొటోలు తీసుకున్నవారూ ఉన్నారు. ఒండ్రు లేని నీరు ఒడ్డును, ఇసుక తిన్నెలను కోసుకుంటూ పోతుంది. టేకు మేత మేసే ఇసుక అడుగు కరుగుతుంది. దిగువన నాంపెన్ నుంచి వియత్నాం డెల్టా వరకు నిర్మాణాల కోసం తోడుతున్న ఇసుక ఆ లోటును ఇంకా పెంచుతోంది.

ఉపనదుల విషయం మరీ దగ్గరిది. సెసాన్, స్రెపోక్, సెకాంగ్ నదులు స్టుంగ్ త్రెంగ్ పట్టణం వద్ద మెకాంగ్‌లో కలుస్తాయి. మొదటి రెండూ కలిసిన చోటుకు కాస్త దిగువన కట్టిన 400 మెగావాట్ల లోవర్ సెసాన్-2 ఆనకట్టను 2018 డిసెంబరులో ప్రారంభించారు. అది పూర్తయితే మెకాంగ్ పరివాహకమంతటా చేపల మొత్తం బరువు 9.3 శాతం తగ్గుతుందని 2012లోనే ఒక అధ్యయనం హెచ్చరించింది. ప్రధాన నదిపై ఆనకట్టలనే అందరూ చూస్తున్నప్పుడు ఒక ఉపనది మీద కట్టడం ఇంత నష్టం చేస్తుందన్న మాట అప్పుడు కొత్త. పులస ఎదురీదుతూ వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం తెలిసిన గోదావరి జిల్లాలవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. కాకతాళీయంగా ఆ ఆనకట్ట పూర్తయినదీ, బ్లేకర్ ఆ టేకు పిల్లను వర్ణించినదీ ఒకే సంవత్సరం, 1852. టేకు పులసలాగా ఏటా వలసపోయే చేపగా పేరుపొందినది కాదు. కానీ దాని ఆహారమైన చేపల్లో చాలా భాగం వలస చేపలే. మేత రాకపోతే మడుగు ఎంత లోతుగా ఉన్నా ఖాళీ గిన్నే.

మడుగు మంచిచెడ్డలు అన్నింటికన్నా స్పష్టంగా కనిపించినది మాత్రం మెకాంగ్‌లో కాదు, మే క్లాంగ్‌లో. థాయ్‌లాండ్ పశ్చిమాన పారే ఈ నది దిగువ భాగం మహా టేకులకు పేరుపొందింది. 2016 సెప్టెంబరు చివర నుంచి కొన్ని వారాలలోనే ఈ టేకులు వరుసగా చచ్చి తేలాయి. పరిశీలించిన పశువైద్యుల లెక్కలో 70 దాకా. మొదట సైనైడ్ అన్న అనుమానం వచ్చింది. తరువాత అధికారుల విచారణ ఎగువన ఉన్న ఒక ఇథనాల్ కర్మాగారం నుంచి నదిలో కలిసిన వ్యర్థజలం వైపు చూపింది. చక్కెర మడ్డి నుంచి మద్యసారం తీయగా మిగిలే నీటిలో కుళ్లే పదార్థం విపరీతంగా ఉంటుంది. అది నదిలో కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడుతూ నీటిలోని ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి, ఆ లోటు అడుగున ఎక్కువగా ఉంటుంది. పైపొరలో తిరిగే చేప పక్కకు తప్పుకుంటుంది, లేదా నీటి మీదికి వచ్చి గాలి గుటక వేస్తుంది. అడుగునే పడుకుని అక్కడి నీటినే పీల్చే టేకుకు ఆ వీలు తక్కువ. ఈతకు నాలుగు పిల్లలకు మించని జాతిలో ఎదిగిన చేపలు ఇన్నేసి ఒకేసారి పోతే ఆ నదిలో మిగిలినవాటి సంగతి ఏమిటో అంకెలు తెలియకపోయినా అర్థమవుతుంది. ఇటువంటి నష్టాన్ని హ్యాచరీలతో పూడ్చవచ్చన్న ఆశ కూడా పాతదే. 1990లలో థాయ్ ప్రభుత్వం చైనాట్‌లో మంచినీటి టేకుల పునరుత్పత్తి పథకం మొదలుపెట్టి 1996 నాటికే పక్కన పెట్టింది. పిల్లలను పెంచి ఏ నదిలో వదలాలన్న ప్రశ్న అప్పటికీ తేలలేదు.

స్టుంగ్ త్రెంగ్ మడుగులు బాగున్నాయని చెప్పడానికీ లేదు. 2022లో కెమెరాలు దింపి చూసిన పరిశోధకులకు అంత లోతున కూడా ప్లాస్టిక్ చెత్త, తెగిపోయి అడుగుకు చేరిన వలలు కనిపించాయి. తెగిన వలకు యజమాని లేకపోవచ్చు, కానీ అది చేపలను పడుతూనే ఉంటుంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో లావోస్ సరిహద్దులోని అన్లూంగ్ చ్యుతీల్ మడుగులో మిగిలిన చిట్టచివరి ఇరావడి డాల్ఫిన్ వలలో చిక్కుకుని చనిపోయింది. పత్రికల్లో దాని మరణానికి బోరమీకి దొరికినంత చోటు దొరకలేదు. ఎగువన ఒక మడుగు తన చివరి డాల్ఫిన్‌ను కోల్పోయిన నాలుగు నెలలకు అదే రాష్ట్రంలోని మరో మడుగు ప్రపంచంలోనే బరువైన మంచినీటి చేపను చూపించింది. రెండింటినీ కలిపి చదివితేనే నది పరిస్థితి సరిగా తెలుస్తుంది.

కాపాడే పద్ధతుల్లో ఇప్పటికి పనిచేస్తున్నది ఫోన్ కాలే. నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన జెబ్ హోగన్ నాయకత్వంలోని ‘వండర్స్ ఆఫ్ ది మెకాంగ్’ బృందం, కంబోడియా మత్స్యశాఖ కలిసి జాలర్లకు నష్టం రాకుండా చూస్తూ చేపను వదిలించగలిగాయి. శిక్ష భయం కన్నా ఈ పద్ధతి మేలు. శిక్ష ఉంటే టేకు రాత్రికి రాత్రే ముక్కలై బజారుకు చేరుతుంది, కబురు మాత్రం రాదు. అయినా దీనికి ఒక హద్దు ఉంది: ఇది గాలానికి చిక్కిన చేపను కాపాడుతుంది, మడుగును కాదు. మడుగుకు సంబంధించిన రక్షణ రేఖలు మరో చోట గీశారు. స్టుంగ్ త్రెంగ్‌కు ఎగువన లావోస్ సరిహద్దు దిశగా ఉన్న సుమారు 37 కిలోమీటర్ల నదీ భాగాన్ని 1999లోనే రామ్‌సార్ స్థలంగా, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. బోరమీ దొరికిన కొహ్ ప్రేహ్ దీవి మాత్రం పట్టణానికి దిగువన, ఆ గీతకు బయట ఉంది.

2020 మార్చిలో కంబోడియా ప్రభుత్వం పదేళ్లపాటు మెకాంగ్ ప్రధాన నదిపై ఆనకట్టలు కట్టబోమని ప్రకటించింది. అప్పటికి ప్రతిపాదనలో ఉన్నవి రెండు. ఒకటి స్టుంగ్ త్రెంగ్ వద్ద, రెండోది క్రాతియె రాష్ట్రంలోని సంబోర్ వద్ద. సంబోర్ ఆనకట్టను మొదట అనుకున్నట్టు 2,600 మెగావాట్ల సామర్థ్యంతో కడితే దాని జలాశయం 80 కిలోమీటర్లకు పైగా ఎగువకు, స్టుంగ్ త్రెంగ్ దిశగా పరుచుకుంటుంది. నిలిచిన నీటి అడుగున మడుగులు లోతుగానే ఉంటాయి కొంతకాలం, ఒండ్రు దిగేదాకా. ప్రకటించిన పదేళ్ల గడువు 2030లో తీరుతుంది.